గిన్నెలో మిగిలిన ద్రాక్షరసం

మా మార్కాపురం కోర్టులో తాగి బండి నడిపిన కేసును ఎవరూ కేసుగా లెక్కపెట్టరు. పేరు పిలుస్తారు, మనిషి లేచి నిలబడి తప్పయిపోయిందయ్యా అంటాడు, జరిమానా కట్టి టీ బంకు దగ్గరికి పోతాడు. ఇన్నేళ్ళ వకీలు పనిలో, పోరాడతానని నా దగ్గరికి వచ్చినవాడు ఒక్కడే. తర్లుపాడు వైపు పల్లెలో బడిపిల్లల ఆటో నడిపేవాడు, ఆ ఊరి చర్చిలో సంఘ పెద్ద. కుర్చీలో కూర్చోకముందే, "నేను తాగలేదు చెల్లెమ్మా. ఒప్పుకోమంటే ఒప్పుకోను" అన్నాడు.

నేను నమ్మలేదు. తాగలేదన్న వాళ్ళందరినీ నమ్మితే మా పక్క బ్రాందీ షాపులన్నీ ఎప్పుడో మూతపడి ఉండాలి. "తాగకపోతే మిషను ఎట్ల పట్టుకునిందన్నా?" అని అడిగాను. పోలీసులు గొట్టంలో ఊదించి తీసిన చీటీ మీద అంకె హద్దు దాటి కనబడుతోంది. ఆయన తల దించుకున్నాడు. రెండు వాయిదాలు నన్ను తిప్పలుపెట్టి, మూడో దానికి ముందు నోరు విప్పాడు.

పోలీసులు పట్టుకున్న ఆ రోజు నెల మొదటి ఆదివారం. చర్చిలో ప్రభువు బల్ల. అందరికీ రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షరసం ఇస్తారు. మిగిలిన రసాన్ని నేలపాలు చేయకూడదు, దాచనూ కూడదు. ఆ ఊళ్ళో దాన్ని సంఘ పెద్దే తాగి గిన్నె కడిగి బోర్లిస్తాడు. ఏళ్ళుగా ఆ పని ఈయనదే. రసం పిండేది పాస్టరు గారి భార్య. నల్లద్రాక్ష కొని, చక్కెర కలిపి, తన చేత్తోనే చేస్తుంది. ఆ నెల గిద్దలూరులో చుట్టాల పెళ్ళికి పోవాల్సి వచ్చి, చాలా ముందే పిండి జాడీలో పోసి ఉంచింది. మే నెల ఎండకు రాళ్ళే పేలే ఊళ్ళు మావి. జాడీలో రసం పులియకుండా ఊరుకుంటుందా?

"నోట్లో పోసుకుంటానే నాలిక చురుక్కుమనింది చెల్లెమ్మా. ఆ పొద్దు జనం తక్కువ వచ్చినారు, చానా మిగిలింది. కింద పొయ్యలేను గదా. ఎత్తి తాగినా. ఇద్దరు అవ్వలను ఆటోలో కూర్చోబెట్టుకుని ఊరు దాటినానో లేదో, మలుపు కాడ పోలీసులు ఆపి ఊదమన్నారు."

నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. ఇంతకన్నా ఏం కావాలి? తాగిన వెంటనే ఊదితే కడుపులో సంగతి కాదు, నోట్లో తడి చెబుతుంది మిషను. పాస్టరమ్మను, ఆ అవ్వలను సాక్ష్యానికి పిలిస్తే చాలు అన్నాను. ఆయన రెండు చేతులూ జోడించాడు.

"వద్దు తల్లీ. నేను ఒకప్పుడు పచ్చి తాగుబోతును. సారా కొట్టు కాడ పడుంటే చెయ్యి పట్టి లేపుకొచ్చింది ఆ పాస్టరమ్మే. మా ఊళ్ళో ఎంతమంది ఆడోళ్ళ కాపురాలు నిలబెట్టిందో. ఆమె పిండిన రసంలోనే మత్తు ఉండాదని కోర్టులో చెప్తే ఊళ్ళో మొగోళ్ళు ఊరుకుంటారా? రేపటి నుంచి ఆమె మాట ఎవురన్నా ఇంటారా? నీకు చెప్పినా, నీ కాడే ఉండనీ. ఎవురికీ చెప్పబాక."

శిక్ష పడితే లైసెన్సు పోతుంది, బడివాళ్ళు మానిపిస్తారు. వాటికన్నా ఆయనకు పెద్ద భయం ఒకటి ఉంది. ఆ బల్ల దగ్గర నిలబడి గిన్నె పట్టుకునే చెయ్యి తనది కాకుండా పోతుంది. శిక్షా పడకూడదు, ఆమె పేరూ రాకూడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తనతో పాటు నన్నూ ఆ మధ్యలో నిలబెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా కేసు వదల్లేదు.

ఇక నాకు మిగిలింది మిషను ఒక్కటే. అది సరిగ్గా కొలుస్తోందని పరీక్ష చేయించిన పత్రం తెమ్మన్నాను. తెచ్చారు, గడువు తీరిపోయి ఉంది. బోనెక్కిన ఎస్సైని వదల్లేదు. ఊదించే ముందు నోరు పుక్కిలింపజేశారా? లేదు. కాసేపాగి రెండోసారి ఊదించారా? లేదు. రక్త పరీక్షకు ఆసుపత్రికి పంపారా? లేదు. పుక్కిలించే మాట నా నోట రాగానే వెనక నిలబడ్డ ఆటో ఆయనకు ముచ్చెమటలు పోశాయి. ఎక్కడ అసలు మాట అనేస్తానోనని నా మొహం వంకే చూస్తున్నాడు. ప్రతి ప్రశ్నా ఆ గిన్నె దాకా పోయి, దాన్ని తాకకుండా వెనక్కి తిరగాలి. అట్లా వాదించడం ఎంత నరకమో నాకు ఆ రోజే తెలిసింది.

కేసు కొట్టేశారు. వరండాలో తోటి వకీళ్ళు మెచ్చుకుంటుంటే నేను కాస్త పొంగిపోయాను కూడా. ఆయన మాత్రం తీర్పు తెలుగులో చదివి చెప్పమన్నాడు.

"ఇందులో నేను తాగలేదని యాడ రాసినారు?"

"అట్ల రాయరన్నా. తాగినట్టు రుజువు కాలేదని రాసినారు."

"మరి ఊళ్ళో అడిగితే ఏం చెప్పాల?"

మిషను తప్పని వకీలు నెట్టుకొచ్చింది, అంతేగా అని ఊరు, ఆయన ఇల్లు చేరకముందే తేల్చుకుంది. ఆటో అయితే మళ్ళీ రోడ్డెక్కింది. గిన్నె మాత్రం చేతికివ్వలేదు.

కొన్నాళ్ళకు పాస్టరమ్మ మా ఆఫీసుకు వచ్చింది. తాగి కొట్టే మొగుడి నుంచి భరణం ఇప్పించమని ఒక పిల్లను వెంటపెట్టుకొచ్చింది. ఆ పిల్ల సంగతంతా చెప్పించాక, లేవబోతూ ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"మా సంఘ పెద్ద మారినాడమ్మా. మొన్న ఆదివారం సంఘం ముందర నిలబడి, తాగినాను, క్షమించండని ఏడ్చినాడు. మళ్ళీ గిన్నె ఆయనకే ఇచ్చినా. నువ్వేమనుకోబాక తల్లీ, కోర్టులో నువ్వు అబద్ధాన్ని గెలిపించినా, దేవుడు ఆయన నోట నిజం చెప్పించినాడు."

ఆమె కళ్ళలో నీళ్ళు. నిజమైన సంతోషంతో వచ్చినవే. నాకు వచ్చింది కోపమో ఏడుపో నాకే తెలియలేదు. ఎస్సైని అన్ని ప్రశ్నలు అడిగి ఉక్కిరిబిక్కిరి చేసిన దాన్ని, ఆమెను అడగాల్సింది ఒక్కటే ఉండింది. ఆ నెల రసం ఎప్పుడు పిండినారమ్మా అని. ఆమె ఇంకా నా చెయ్యి వదల్లేదు. మంచిదమ్మా అన్నాను.