కొండకు టచింగ్ లేదు

మా మేనత్తకు కోపం వస్తే అరవదు, కొలుస్తుంది.

నాన్నకు అక్క ఆమె. బస్టాండు ఎదురుగా, మేడమెట్ల కింద ఇరుకు గదిలో ఫోటో స్టూడియో నడిపేది. ప్రింటు మీద సన్నటి కుంచెతో టచింగ్ చేయడంలో ఆమె తర్వాతే ఎవరైనా. మొటిమలు మాయమయ్యేవి, తెల్లజుట్టు నల్లబడేది. "మొహం వరకే నా పని. వెనకాల ఏముందో దాని జోలికి పోను" అనేది.

నాన్న రాళ్ల క్వారీలో పనిచేసేవాడు. నాకు పదేళ్లప్పుడు కొండ తూర్పు చరియ విరిగి ఆయన మీద పడింది. అటువైపు తవ్వడానికి క్వారీ ఓనరుకు అనుమతి లేదు. అందుకని వాడు ఏమాత్రం తడుముకోకుండా, "తూర్పువైపు మేం చెయ్యే పెట్టలేదు. అతను రాళ్ల దొంగతనానికి వెళ్లాడు" అని ప్రమాదం రిపోర్టులో రాయించాడు. చచ్చినవాడు లేచొచ్చి కాదనడు కదా. ఆ కాగితం పుణ్యమా అని బళ్లో నేను దొంగ కూతుర్నయ్యాను.

నెల తిరిగేసరికి క్వారీ వార్షికోత్సవానికి ఫోటో తీయమని వాడి దగ్గర్నుంచి కబురొచ్చింది. అత్త కెమెరా సంచి భుజాన వేసుకుంది.

"నీ తమ్ముణ్ణి మింగినవాడికి సోకులు చేసొస్తావా వదినా?" అంది అమ్మ.

"చెయ్యే పెట్టలేదన్నాడుగా. ఆ చెయ్యి ఎక్కడ పెడుతున్నాడో చూద్దాం."

అమ్మ ఆమెతో మాట్లాడటం మానేసింది. నేనూ మొహం తిప్పుకునేదాన్ని.

క్వారీ తెరిచిన రోజు తాను తీసిన ఫోటో అత్త దగ్గరుంది. అందులో ఓనరు నవ్వుతున్నాడు, వెనక కొండ నిండుగా ఉంది. దాన్ని చేత పట్టుకుని అటూ ఇటూ జరిగి, సరిహద్దు రాయి, నీళ్ల ట్యాంకు అచ్చం ఫోటోలోలాగే ఒకే వరసలోకి వచ్చినచోట నేలలో ఇనుప మేకు దిగ్గొట్టింది. ముడులేసిన దారంతో కెమెరా ఎత్తు కొలుచుకుంది. ఏటా అదే తేదీ, అదే మేకు, అదే ముడి.

"ఎప్పుడూ ఇక్కడే నిలబెడతావేంటమ్మా?" అని వాడడిగేవాడు.

"ఇక్కడైతే మీ మొహంలో కళ వస్తుందండి."

వాడు ఉబ్బిపోయేవాడు. తల నిమురుకుంటూ, "జుట్టు కాస్త చూడమ్మా" అని నసిగేవాడు.

అలా పదకొండేళ్లు గడిచాయి. మొదటిదాంతో కలిపి పన్నెండు ఫోటోలకూ పటాలు కట్టించి, ఆఫీసు గోడకు వరసగా తగిలించుకున్నాడు. బట్టతల మీద ఏటేటా అత్త పుణ్యాన జుట్టు మొలిచింది. వాడికి ఒక్క ఏడూ మీద పడలేదు. వెనకాల తూర్పు కొండ మాత్రం తరిగి తరిగి, చివరి పటంలో అక్కడ ఆకాశమే మిగిలింది.

అప్పుడు అత్త గనుల శాఖకు అర్జీ పెట్టింది. అందులో ఒకటే మాట: ఓనరుగారి ఆఫీసు గోడ చూడగలరు.

విచారణకొచ్చిన అధికారి రెండో పటం ముందు ఆగిపోయాడు. నాన్న పోయిన నెలకు తీసింది అది. తూర్పు బండకు వరసగా డ్రిల్లు రంధ్రాలున్నాయి. దొంగతనానికి వెళ్లినవాడు అన్ని రంధ్రాలు వేసుకుంటూ కూర్చుంటాడా?

ఓనరు మొహం మాడిపోయింది. "ఇవన్నీ టచింగ్ చేసినవి సార్. ఆవిడ కుంచెతో దేన్నయినా మార్చేస్తుంది."

అత్త ఈ మాట కోసమే కాచుకుని ఉంది. సంచిలోంచి నెగటివ్‌ల కవరు తీసింది. "చేశానండి, మొహం వరకే. వీటికి కుంచె తగల్లేదు. కొండ ఎలా ఉందో అలాగే ఉంటుంది. సారుగారి తల కూడా."

అధికారి ఒక్కొక్కటే కిటికీ వెలుగుకెత్తి చూశాడు. గుమ్మం దగ్గర నా పక్కనున్న కూలీలు కిసుక్కున నవ్వారు. వాడు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. నాకు కడుపు నిండిపోయింది, అబద్ధమెందుకు.

క్వారీ మూతపడింది. నాన్న కాగితంలో 'దొంగతనానికి' అన్న మాట కొట్టేసి, పైన 'పనికి' అని రాసి సంతకం పెట్టారు. అత్త ఆ కాగితాన్ని ఫోటో తీసింది. కొట్టేసిన గీత స్పష్టంగా కనిపిస్తుంది.

ఏటా క్వారీ వార్షికోత్సవం తేదీకి అందేలా ఒక కాపీ వాడింటికి వెళుతుంది. అడ్రసు అత్త రాస్తుంది. పోస్టులో వేసొచ్చేది మా అమ్మ.