బావ సెలూన్‌లో కొత్త ఆల్బమ్

మా బావ సెలూన్‌లో ఇరవై ఏళ్లుగా ఒకే ఇంగ్లీషు రాక్ బ్యాండు పాటలు మోగుతున్నాయి. ఆ రకం సంగీతాన్ని ప్రోగ్రెసివ్ మెటల్ అంటారట. దరువు చిక్కిందని మనం అనుకునేలోపే అది మారిపోతుంది. ఒక పాట అయ్యేసరికి ఒక తల పని పూర్తవుతుంది. అంత పొడుగు! "అర్థమయ్యేదాకా వినరా" అంటాడు బావ. నాకు ఈ జన్మకి అర్థం కాదు.

ఏళ్ల తరబడి ఎదురుచూశాక ఆ బ్యాండు కొత్త ఆల్బమ్ వచ్చింది. ఆ ఉదయం కుర్చీలో నేనే ఉన్నాను. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లికొడుకులా తయారై వచ్చి పాట పెట్టాడు. రెండో పాటకే ముఖం వాడిపోయింది.

"ఏంట్రా ఇది, ఇంత చప్పగా ఉంది?"

నిజం చెప్పొద్దూ, నాకు హాయిగా ఉంది. "బాగుంది కదా బావా!" అంటూ తాళానికి తల ఊపాను. నెత్తి మీద మిషన్ నడుస్తోందన్న సంగతే మరిచిపోయాను. చెవి పైన అరచేతి మేర జుట్టు లేచిపోయింది.

"చూశావా! పాత పాటలకి ఈ కుర్చీలో ఒక్క తలైనా కదిలిందా?" అని బావ నామీదే విరుచుకుపడ్డాడు. జుట్టు పోయింది నాది, కోపం ఆయనది!

ఇక గుండు తప్ప దారి లేదు. బావ పాత ఆల్బమ్ పెట్టాడు. నేను రాయిలా కూర్చున్నాను. అంతా అయ్యాక నున్నటి తల తడుముకుంటూ అడిగాను.

"ఇంతకీ ఇందులో ఏముంది బావా? ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు!"

బావ ముఖం చాటంత అయింది.

"అదిరా పాటంటే! ఇంకో ఇరవై ఏళ్లు వినొచ్చు."