మా బావగారి గద్దలు

“అన్న పోయిండు. వదినెకు ఇప్పుడే చెప్పకు, నేనొచ్చి చెప్త” అని మా ఆయన దవాఖాన నుంచి ఫోన్ చేసినప్పుడు నేను దేవుడికి పూలు కడుతున్నాను. సగం కట్టిన దండను ఏం చేయాలో తోచలేదు. మైల వచ్చిన ఇంట్లో ఆ పూలు దేవుడికి పనికిరావు. వాటిని గిన్నెలో పెట్టి మూత వేసి, పొయ్యి మీద పప్పు దింపి, లోపల పడుకున్న అక్క లేచేలోపు వంటింట్లోనే కూర్చుని ఏడ్చాను. గట్టిగా ఏడవడం నాకు ఎప్పుడూ రాదు.

పోయింది మా బావగారు, మా ఆయనకు సొంత అన్న. అక్క అంటే ఆయన భార్య, నా తోటికోడలు. చేవెళ్లలో అన్నదమ్ములిద్దరిదీ కలిసిన విత్తనాల దుకాణం. కర్మ రోజున చౌరస్తాలో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. మంచి వర్తకుడని, దైవభక్తుడని, అన్నదానాలు చేశారని రాశారు. అన్నీ నిజమే. కానీ ఆయన గద్దలను చూసేవారని అందులో ఒక్క ముక్క లేదు. తెలిసినవాళ్లు కూడా, పోయిన మనిషి గురించి అదేం మాట అన్నట్టు ఊరుకున్నారు. పదో తరగతితో చదువు ఆపేసి, రామకోటి తప్ప మరొకటి రాయని నేను ఇప్పుడు పెన్ను పట్టింది అందుకే. వచ్చిపోయేవాళ్లకు పది రోజులు వండి వడ్డించి చేతులు నొస్తున్నాయి. అయినా ఇప్పుడు రాయకపోతే ఇక రాయను. చదివేవాళ్లు తప్పులుంటే మన్నించాలి.

ఆ పుస్తకం ఆయన కోఠిలో పాత పుస్తకాలమ్మే చోట కొన్నారు. వేటాడి బతికే పక్షులు, అంటే గద్దలు, డేగలు, రాబందులు, అన్నీ అందులో ఉంటాయి. ఇంగ్లీషు పుస్తకం. ఇటుకంత మందం. ఒక్కో పక్షికి రెండేసి పుటలు. మగది, ఆడది, పిల్ల, ఏడాది వయసుది, కూర్చున్నప్పుడు, ఎగిరేటప్పుడు కింది నుంచి చూస్తే ఎలా ఉంటుందో, అన్నీ బొమ్మలు. ఇంటర్ చదివిన మనిషి, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఏళ్ల తరబడి చదివారు. దుకాణంలో కాంటా పక్కనే ఉండేది. రైతులు ఆటపట్టించేవాళ్లు.

“ఏంది సేటూ, రామాయణమా?”

“గద్దల పురాణం. విత్తనాలు తీస్కొని పో, లేకుంటే కూసోబెట్టి చదివి వినిపిస్త.”

ఇంటికి తెస్తే మాత్రం దేవుని గదిలో పై అరలో పెట్టేవారు. అక్కకు అది సుతరామూ నచ్చేది కాదు.

“ఉల్లిగడ్డ గూడ ముట్టని ఇల్లు. దేవుని అర్రల మాంసం తినేటి పక్షుల బొమ్మలా?”

“విష్ణుమూర్తి దేని మీద తిరుగుతడే? చిలుక మీదనా?” అనేవారు బావగారు. అక్క మూతి తిప్పుకుని పోయేది.

దుకాణం మాటలు మా ఆయన చెప్తే, ఇంట్లో మాటలు తలుపు వెనక నుంచి విన్నదాన్ని నేను. మా ఇళ్లల్లో తమ్ముడి భార్య బావగారి ఎదుట కూర్చోదు, అవసరమైతే తప్ప మాట్లాడదు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆయనతో నేను అన్న మాటలు “భోజనానికి లేవండి” అన్నంతవరకే. ఆయన కూడా నన్ను “అమ్మా” అని తప్ప పిలవలేదు. షుగర్ జబ్బు ఆయన కళ్లను తినేయకపోతే అలాగే వెళ్లిపోయేది మా కాలం.

చూపు మసక పడ్డాక ఆయన దుకాణానికి పోవడం మానేశారు. పొద్దున పూట మిద్దె మీద కుర్చీ వేసుకుని ఎండలో కూర్చునేవారు. నేను వడియాలు పెడుతున్నాను ఒకరోజు. కాకులు ఒకటే గోల.

“కాకులు ఎందుకు ఒర్రుతున్నయి?” అన్నారు, ఎటో చూస్తూ. అక్కడ నేను తప్ప ఎవరూ లేరు. చెప్పక తప్పలేదు.

“గద్దొచ్చింది బావా.”

“గద్ద అంటె ఎట్లమ్మా? ఎవరొచ్చిన్రంటే మనిషొచ్చిండు అన్నట్టున్నది. ఏ గద్ద?”

నాకేం తెలుసు? ఆయన అడుగుతూ పోయారు. తోక పొడుగా, పొట్టా? చివర చీలి ఉందా? రెక్క చివర ఈకలు వేళ్ల లాగా విడివిడిగా ఉన్నాయా? కొట్టుకుంటోందా, తేలుతోందా? నేను చూసి చెప్పేలోపు అది ఎగిరిపోయింది.

“జర గట్టిగ, జల్దీ చెప్పాలమ్మా. నీ మాట నా దగ్గరికొచ్చేసరికి పక్షి షాద్‌నగర్ చేరుతది” అని నవ్వారు. ఆయన నవ్వు అంత దగ్గరగా వినడం నాకు అదే మొదటిసారి.

అప్పటి నుంచి అదే మా పద్ధతి అయింది. నేను చూస్తాను, చూసింది చెప్తాను. ఆయన వింటారు, పేరు చెప్తారు. ఆ తర్వాత నేను పుస్తకం తీసి, ఆయన చెప్పిన బొమ్మతో సరిపోల్చాలి. “ముందు చూడు, పేరు తర్వాత” అనేవారు. రంగు గురించి చివరికి అడిగేవారు. ఎండలో నల్లది తెల్లగా, నీడలో తెల్లది నల్లగా కనిపిస్తుందట. ఒకసారి తోక సరిగా కనబడక, ఆయన ఏది వినాలనుకుంటున్నారో అదే అన్నాను. పసిగట్టారు. “కనబడలేదు అను. అది గూడ జవాబే. కనబడనిది కనబడ్డది అంటే మాత్రం పుస్తకం మూసి పెట్టుకోవాలె” అన్నారు. కోపంతో కాదు.

చిన్నప్పటి నుంచి ఆకాశంలో గద్ద గుండ్రంగా తిరిగితే చాలు, గరుడ పక్షి అని చెంపలేసుకుని దండం పెట్టడం నాకు అలవాటు. మన ఊళ్లల్లో అందరూ అంతే. బావగారు అడిగి అడిగి తేల్చారు. తోక చీలినట్టుండి, ఊరి చెత్తకుప్పల మీద తిరిగేది మామూలు గద్ద. గరుడ ఎర్ర ఇటుక రంగులో, తల, రొమ్ము తెల్లగా, చెరువుల దగ్గర ఉంటుంది.

“ఇన్నేండ్లు పెట్టిన దండాలు ఏమైతయి బావా?”

“ఏమైతయి? చేరేకాడికి చేరినయి. నువ్వు పెట్టింది దేవునికి గదా.”

ఆ మాట నేను ఏ పురాణ కాలక్షేపంలోనూ వినలేదు.

తర్వాత కిడ్నీలు కూడా పోయాయి. డయాలసిస్ కోసం రోజు విడిచి రోజు నగరానికి. మా ఆయన కారు నడిపేవారు, అక్కకు మోకాళ్ల నొప్పులు కనుక నేను వెంట వెళ్లేదాన్ని. రోడ్డు వెడల్పు చేస్తున్న దుమ్ము, లారీలు, సూదులు, వాంతులు. తిరుగు ప్రయాణంలో మొయినాబాద్ దాటేసరికి ముగ్గురికీ మాట్లాడే ఓపిక ఉండేది కాదు. ఆయన మాత్రం కిటికీ అద్దం దింపించి, “ఏమన్న ఉన్నదా అమ్మా?” అని అడిగేవారు. చాలాసార్లు ఏమీ ఉండేది కాదు. చందనవెల్లి వైపు గడ్డిలో చలికాలం వలస వచ్చే పిల్లిగద్దలు దిగేవట, ఇప్పుడక్కడ ఫ్యాక్టరీలు. కనకమామిడి వైపు ఎటు చూసినా ఫామ్‌హౌస్ గోడలు. “గోడల మీద ఏం చూస్తవు, పోనీ తియ్యి” అని ఆయనే కళ్లు మూసుకునేవారు.

ఈ ఏడాది ఎండలు మొదలవుతుండగా, సురంగల్ దాటాక ఎడమ వైపు బీడు మీద ఒక పక్షి గాలిలో ఒకేచోట నిలబడి కనిపించింది. కాళ్లు కిందికి వేలాడుతున్నాయి. కారు ఆపించాను.

“తెల్లగున్నది బావా. గాలిల నిలవడ్డది.”

“చిన్నదా? భుజాల మీద నలుపున్నదా?”

“నలుపు లేదు. కాకి తరుముతున్నది. కాకి దాని ముందు పిచ్చుక లెక్కున్నది.”

ఆయన సీటులో ముందుకు జరిగారు. “తల?”

“గుడ్లగూబ తలకాయ లెక్క. పెద్దది.”

“పాముల గద్ద” అన్నారు చివరికి. “అది యాడ దిగుతదో చూడు.”

దూరాన ఉన్న ఒక తుమ్మచెట్టు నెత్తిన దిగింది. అక్కడ గూడు. కారు దిగొద్దన్నారు. కారులో ఉంటే పక్షి మనల్ని లెక్క చేయదట. ఈ గద్ద ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడుతుందని, బెదిరితే గుడ్డు వదిలేసి పోతుందని వెంట తెచ్చిన పుస్తకంలో నేను ఇంగ్లీషు కూడబలుక్కుని చదివితే, ఆయన అర్థం చెప్పారు. అప్పటి నుంచి దవాఖాన నుంచి వచ్చే ప్రతిసారీ అక్కడ కాసేపు ఆగేవాళ్లం. మా ఆయన స్టీరింగ్ మీద తల పెట్టి నిద్రపోయేవారు. నేను బావగారి బైనాక్యులర్లతో చూసి చెప్పేదాన్ని.

ఒకరోజు ఆ భూమి ఆసామి మోటారు సైకిల్ మీద వచ్చాడు. బావగారి దగ్గర విత్తనాలు కొనే మనిషే.

“ఎవలు, సేటా? ఎండల ఈడేం జేస్తున్నరు?”

“నీ భూమిల పక్షిని చూస్తున్నం పటేలా.”

“చూసుకోండ్రి. ఎల్లుండి నుంచి కనబడది. జేసీబీ చెప్పిన, సాఫ్ చేయిస్తున్న. సిటీ ఆయన కొంటున్నడు.”

బావగారి చేయి కిటికీ అంచును పట్టుకుంది. “ఆ తుమ్మ మీద గూడున్నది. పిల్ల ఎగిరేదాంక ఆగు.”

“గద్ద కోసం ఆగాల్నా? మా కోడిపిల్లల నెత్కపొయ్యేది అదే గదా.”

“కోడిపిల్లలు కాదు. అది పాముల్ని తింటది.”

పటేల్ బండి ఇంజన్ ఆపేశాడు. పైకి చూసి, తలకు కట్టుకున్న తువ్వాలు తీశాడు. “పాముల్నా? అంటే గరుడ పక్షా సేటా? గరుడైతె నేను చెయ్యి పెట్ట. నీకు దెల్సు గదా, నువ్వు చెప్పు. గరుడనేనా?”

ఒక్క “అవును” చాలు. గూడు నిలుస్తుంది, గుడ్డు నిలుస్తుంది. దేవుడి పేరే కదా, తప్పేముంది అనిపించింది నాకు. బావగారు అనలేదు.

“కాదు పటేలా. గరుడ ఎర్రగుంటది, చెరువుల కాడ చేపలు, చచ్చినయి తింటది. ఇది పాముల గద్ద.”

పటేల్ మళ్లీ పైకి చూశాడు. తర్వాత నవ్వాడు. “చేపలు తినేదానికేమో దండాలు, పాముల్ని తినేదానికి జేసీబీనా? ఇదేం న్యాయం సేటా? నీ పుస్తకంల ఎట్లనన్న ఉండనీ, పామును పట్టేదే నాకు గరుడ. ఆపుత. కాని కొనేటాయన ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నడు, దాన్ని జల్దీ ఎగరమను.”

అతను వెళ్లాక నేను ఉండబట్టలేక అడిగాను, అవునని అంటే ఏం పోయేది బావా అని. “ఒక విత్తనం పేరు చెప్పి ఇంకో విత్తనం అమ్మితే, మొలిచినంక తెల్వదా అమ్మా?” అన్నారు. అద్దం ఎక్కించమన్నారు. బాగా అలసిపోయారు ఆ రోజు.

గుడ్డు పగిలింది. తెల్లటి నూగుతో దూది ఉండలా ఉన్న పిల్ల తల ఎత్తిందని చెప్తే, ఆయన డయాలసిస్ సూదుల నల్లమచ్చల చేతులు రెండూ జోడించారు. ఎవరికో నేను అడగలేదు. పిల్ల ఎగరడానికి రెండు నెలల పైనే పడుతుందని పుస్తకం. “నాకంత టైమున్నదో లేదో” అనలేదు ఆయన. “ఆ కొనేటాయన అంతదాంక ఆగుతడో లేదో” అన్నారు. అదొక్కటే ఫికరు ఆయనకు. చివరిసారి దవాఖానలో చేరినప్పుడు కూడా, నేను చెవి దగ్గర వంగితే, “నల్ల ఈకలొచ్చినయా?” అని అడిగారు. రెక్కల మీద వస్తున్నాయని చెప్పాను. తోక కనబడలేదన్నాను. తల ఊపారు.

మైల రోజులన్నీ దేవుని గది తలుపు తీయలేదు. పుస్తకం లోపలే ఉండిపోయింది. ఎవరూ సురంగల్ వైపు పోలేదు. రోజూ వచ్చినవాళ్లకు ప్లేట్లు అందిస్తూ, జేసీబీ శబ్దం ఎలా ఉంటుందో చెవుల్లో వింటూనే ఉన్నాను. కర్మ రోజున పటేల్ వచ్చి భోజనం చేశాక, చేయి కడుక్కుంటూ నన్ను పిలిచాడు.

“ఎగిరిందా అమ్మా?”

“తెల్వదు అన్నా. నేను పోలే.”

“భూమి కొనేటాయన వానల ముంగట్నే గోడ లేపాలె అంటున్నడు. నాకు గా కళ్లు లేవు, ఏది ఎగరవట్టెనో ఏది ఉండవట్టెనో. నువ్వు ఎగిరింది అన్నరోజే మిషన్ వెడ్త. నువ్వే చెప్పాలె.”

నా జన్మలో నా మాట కోసం ఎవరూ దేన్నీ ఆపలేదు.

నిన్న ఇల్లు శుద్ధి అయ్యాక మా ఆయన్ని తీసుకుని వెళ్లాను. బీడు చుట్టూ హద్దురాళ్లు పాతారు, సున్నం గీతలు గీశారు. జేసీబీ రోడ్డు పక్కనే ఆగి ఉంది, డ్రైవరు దాని నీడలో నిద్రపోతున్నాడు. నాకు కూడా కళ్లు మూతలు పడుతున్నాయి. అంతలో పెద్ద పక్షి వచ్చి గూటి మీద దిగింది. దాని నోట్లోంచి పాము తోక జానెడు వేలాడుతోంది, మిగతాదంతా మింగి తెచ్చింది. పిల్ల ఆ తోక పట్టుకుంది. రెక్కలు రెండూ చాచి, వెనక్కి వెనక్కి జరుగుతూ, తల్లి గొంతులోంచి పామును లాగుతోంది. తల్లి మెడ చాచి కదలకుండా నిలబడింది. ఒక గాలి వీచి పిల్ల రెక్కలను పైకి లేపింది. కాళ్లు మాత్రం గూటి పుల్లలను వదల్లేదు.

ఇంటికి వచ్చి స్నానం చేసి, దీపం పెట్టి, ఇది రాయడానికి కూర్చున్నాను. చోటు పేరు రాయకుండా ఆయన గురించి చెప్పడం నాకు చేతకాలేదు. పక్షుల ఫొటోలు తీసే కెమెరాల వాళ్లకు తెలిస్తే కార్లేసుకుని చెట్టు కిందికే వస్తారు. అందుకని ఈ కాగితాలు చదివినవాళ్లు పారేయకండి, దాచి పెట్టండి. ఎవరికీ చూపించకండి. పిల్ల ఇంకా ఎగరలేదు.