సుజాత పరీక్ష రాసిన పూట మా కల్లంలో

దెయ్యాలంటే నాకు నవ్వు. ఏడో తరగతిలోనే బడి మానేసి వచ్చినవాణ్ణి, నన్ను చూసి మా పంతుళ్లే తప్పుకుని తిరిగేవాళ్లు, ఇక దెయ్యమెంత అనేవాణ్ణి. ఇది చదివి మీరూ నవ్వుకోండి, నాకేం బాధ లేదు.

మాది నకరికల్లు దగ్గర పల్లె. నా భార్య సుజాత దూరవిద్యలో ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతోంది. ఒక్క పేపరు మాత్రం రెండుసార్లు పోయింది. ఈసారీ పోతే పుస్తకాలు అటకెక్కిస్తానని ఒట్టు పెట్టుకుంది. అందుకని కల్లంలో మిరపకాయలు ఆరబోస్తూ నాకు పాఠం చెప్పేది. వెక్కిరిస్తూనైనా నేను తిరిగి అప్పజెబితే, ఆ పాఠం తనకు వచ్చినట్టు లెక్క.

పరీక్షకు తను నరసరావుపేట వెళ్లింది. మధ్యాహ్నం ఎండలో నేను కాయ తిరగేస్తున్నాను. కాళ్లతో సాళ్లు తీసుకుంటూ పోవడమే ఆ పని. వెనకనుంచి సుజాత గొంతు వినిపించింది.

"ఏమయ్యా, ఒకసారి చెప్పు. గుర్తు రావట్లా."

తర్వాత నేనేం చెప్పానో నాకు తెలియదు. రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న పక్కింటి కోటమ్మత్త వచ్చి భుజం పట్టి కుదిపింది.

"ఒరేయ్, ఎండదెబ్బ తగిలిందేందిరా? ఎవుర్ని మీరు, మీరు అంటన్నావ్?"

"సుజాతని అత్తా."

"పెళ్లాన్ని మీరు అనే మొగోడివా నువ్వు!" అని నవ్వబోయి, కిందికి చూసి ఆగిపోయింది. ఎప్పుడూ తిన్నగా పోయే నా సాళ్లు నలుచదరంగా తిరుగుతూ, తిరుగుతూ, లోపలికి చుట్టుకుపోయి ఉన్నాయి.

సాయంత్రం సుజాత బస్సు దిగి నేరుగా కల్లానికే వచ్చింది. ఆ సాళ్ల చుట్టూ ఒకసారి నడిచి చూసింది.

"ఈ బొమ్మే ఇయ్యాల పరీక్షలో గీశా," అంది. "నిరుటి ధర చూసి పంట వేస్తే ఏడాదేడాదికీ ధర ఎట్టా ఊగుద్దో చూపించే బొమ్మ. ఆ పాఠం నేను చదవలా. నీకూ చెప్పలా. తెల్లకాగితం ముందు కూర్చోనుంటే వెనకనుంచి నువ్వు చెప్పావు."

"నా గొంతేనా?"

"గొంతు నీదే. కాకపోతే నన్ను మీరు అన్నావు."

మిరప ధర ఊగుతుందని పల్నాడులో ఎవరికైనా తెలుసు. ఆ బొమ్మ మాత్రం నేను ఏనాడూ చూడలేదు. ఎండదెబ్బే అనుకుందామంటే, నా ఎండదెబ్బ పేటలో ఫ్యాను కింద కూర్చున్న మనిషికెలా తగిలింది? ఆ మాటలు నా నోట్లో ఎవరు పెట్టారో ఇప్పటికీ తెలియదు.

ఆ పేపరు పాసయింది. ఇప్పుడు ఎం.ఏ. రెండో ఏడు చదువుతోంది. పరీక్ష ఉన్న రోజు నన్ను గుమ్మం దాటనివ్వదు. "నా తిప్పలు నేను పడతా, నాకెవురూ చెప్పొద్దు," అని నవ్వుతూనే అంటుంది. బయట గడియ మాత్రం పెట్టి వెళ్తుంది. లోపల నేను అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంటాను.