దివాన్ పక్క వంపు

మా హాల్లో రైలు పట్టాలు పరిచిన రోజు నేను అడిగిన మొదటి ప్రశ్న, చీపురు ఎటు నుంచి పోవాలి అని. మావారు పట్టాల అతుకులు సరిచూసుకుంటూనే ఉన్నారు. సర్వీసంతా నాందేడ్ చుట్టుపక్కల పట్టాల బాగోగులు చూసి రిటైరైన మనిషి ఆయన. ఆయన లైను మీద అడుగు పెట్టాలంటే ఎవరైనా ముందు ఆయనకు చెప్పాల్సిందే. ఆ రూలు ఇప్పుడు నాకూ నా చీపురుకూ వచ్చింది.

ఇది పిల్లల బొమ్మ కాదు, మాడల్ అంటారని ఇద్దరు మగవాళ్ళు నాకు విడివిడిగా బోధించారు. ఒకరు మావారు. రెండోవాడు మా అన్న. సొంత అన్న కాదు. భైంసాలో మా ఇంటి వెనక వీధివాడు. ఇంజన్ డ్రైవరుగా రిటైరై ఇక్కడ నాందేడ్‌లోనే మాకు రెండు గల్లీల అవతల ఇల్లు కట్టుకున్నాడు. పెళ్ళై నేనీ ఊరు వచ్చినప్పటి నుంచీ రాఖీ ఆయనకే కడుతున్నాను. ఆ లెక్కన వాళ్ళిద్దరూ బావాబావమరుదులు. అరచేతిలో పట్టే ఇంజనూ, దాని వెనక డబ్బాలూ అన్న కొన్నాడు. పట్టాలనూ, వాటికి కరెంటిచ్చే పెట్టెనూ మావారు తెప్పించారు. రైల్వేలో లాగే ఇక్కడా ఎవరి శాఖ వారిదే. ఇంజన్ను మావారు ముట్టరు, పట్టాల మీద అన్న వేలు పెట్టడు.

నవ్వుకుంటూ చెబుతున్నాను గానీ, ఆ బండి రాకముందు మా ఇల్లు ఇల్లులా లేదు. రిటైరైనప్పటి నుంచి మావారు మాట్లాడడం దాదాపు మానేశారు. అడిగినదానికి ‘ఊఁ’ అనేవారు, అడగనిదానికి అదీ లేదు. బండి వచ్చాక నోరు తెరిచారు. నాతో కాదులెండి, అన్నతో. అయినా సరే, సాయంత్రం ఇంట్లో ఆయన గొంతు వినబడుతుంటే నాకు ప్రాణం లేచొచ్చేది. పట్టాల వల్ల చీపురు అందక దివాన్ మంచం కింద పేరుకున్న దుమ్మును కూడా ఆ సంతోషంలోనే క్షమించాను.

రైల్వేలో బండి పట్టా తప్పితే ఏ శాఖ వాళ్ళు ఆ శాఖ నుంచి వచ్చి, అక్కడే నిలబడి జాయింట్ నోట్ రాస్తారట. పేరుకే జాయింట్. డ్రైవరు పట్టాలది తప్పంటాడు, పట్టాలవాడు ఇంజన్‌ది తప్పంటాడు, సంతకాలు మాత్రం కలిసి పెడతారు. మా హాల్లో కాగితం ఒక్కటే లేదు, తక్కిన తతంగమంతా జరిగేది. బండి పడితే చాలు, ఇద్దరూ మోకాళ్ళ మీద వంగి, చూక్ ఎవరిదో తేల్చడానికి కూర్చునేవారు. మరాఠీలో తప్పును చూక్ అంటారు. ఆ మాట మా ఇళ్ళల్లో ఎప్పుడో తెలుగైపోయింది.

“నీ అతుకు ఎత్తుగున్నది బావా, చూక్ నీదే.”

“నా లైన్ ఏక్ నంబర్. నీ చక్రమే వంకరున్నది.”

చివరికి అతుకు కింద స్వీటు డబ్బా అట్టముక్క ఒకటి దూరేది, రైలు డబ్బా కొక్కెం నా పిన్నీసుతో సరయ్యేది. ఎవరూ ఏదీ ఒప్పుకునేవారు కాదు. ఒకసారి చక్రాల ఇరుసుకు పొడుగాటి వెంట్రుక చుట్టుకుని బండి మొరాయించింది. అది నాదేనని ఇద్దరూ క్షణంలో తేల్చేశారు. వాళ్ళు ఏకీభవించిన జాయింట్ నోట్ అదొక్కటే.

ఆషాఢం చివర్లో ఒక సాయంత్రం బండి దివాన్ పక్క వంపులోకి వచ్చి ఆగిపోయింది. పడలేదు, ఊరికే నిలబడిపోయింది. వేలితో తోస్తే కాస్త కదిలి మళ్ళీ ఆగింది. వంపు దాటిస్తే మూలుగుతూ పోయింది, చుట్టు తిరిగొచ్చి అక్కడే ఆగింది.

“వంపులనే ఆగుతున్నదంటే చూక్ ఎవరిదో నేను చెప్పాల్నా?” అన్నాడు అన్న.

“సీదా లైన్ల గూడ మూలుగుతనే ఉన్నది గదా. దానికి వయసైపోయింది.”

“దానికా, నాకా?”

“ఇద్దరికి.”

అక్కడికి ఆగితే నవ్వులాటే అయ్యేది. మావారు ఆగలేదు. “డ్రైవర్లకు లైన్ గురించి ఏం తెలుస్తది? ఎండల మేం నడిస్తే, మీరు కూసోని పోతరు” అన్నారు. ఇంజన్ను దాని అట్టపెట్టెలో పెట్టుకుని, పోసిన టీ ముట్టకుండా అన్న వెళ్ళిపోయాడు.

మళ్ళీ రాలేదు. రాఖీ పున్నానికి నేనే వెళ్ళి కట్టొచ్చాను. చెయ్యి చాపాడు, నా బాగు అడిగాడు, బావ ఎట్లున్నడని మాత్రం అడగలేదు. ఇంట్లో మావారు మళ్ళీ ‘ఊఁ’లోకి దిగిపోయారు. ఇంజన్ లేని పట్టాల ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది, ఒకరి మీద జాలి కూడా వేసింది.

ఒకరోజు ఇల్లు తుడుస్తుంటే నా కొంగు ఆ వంపుకు తగిలి నల్లగా జిడ్డంటింది. వాసన చూశాను. మోటార్ సైకిల్ కోసం ఇంట్లో ఉంచిన గ్రీజు.

“గీ పట్టాకు గ్రీజు ఎవరు పూసిండ్రు?”

“నేనే. వంపులకు పుయ్యాలె. లేకుంటే పట్టా అరుగుతది. ఇస్లాపూర్ దిక్కు వంపులన్నిటికి దగ్గరుండి పూయించిన” అన్నారు. ఆ నెలలో ఆయన మాట్లాడిన అతి పొడుగాటి మాట అదే.

“ఎప్పుడు పూసిండ్రు?”

“బండి ఆగిన దానికి ముందురోజు” అన్నారు. అన్నాక ఆయన మొహం చూడాల్సింది.

అసలు రైలుకు ఆ గ్రీజు మంచిదే. దీనికి కడుపులో డీజిల్ లేదు, కరెంటు పట్టాల నుంచే చక్రాలకు ఎక్కాలి, మధ్యలో జిడ్డుంటే ఎక్కదు. ఇన్వర్టర్ బ్యాటరీ కొనలకు చిలుము పట్టి ఇల్లంతా చీకటైనప్పుడు నాకు తెలిసొచ్చిన సంగతే ఇది. ఆయన షుగరు ఇంజక్షన్ కోసం ఉంచిన స్పిరిటూ దూదీ తెచ్చి వంపంతా తుడిచాను. దూది కాటుకలా అయింది.

“పోయి చెప్పుండ్రి.”

“ఏమని?”

“చూక్ పట్టాలదని.”

“సర్వీసుల ఒక్కసారి గూడ ఆ మాట అనలే.”

“ఇప్పుడు సర్వీసుల లేరు గదా.”

మర్నాడు సాయంత్రం చొక్కా మార్చుకుని బయల్దేరారు. దారిలో మనసు మార్చుకుంటారేమోనని నేనూ వెంట నడిచాను. వదిన తలుపు తీసి, లోపలి గది చూపించింది. అన్న నేల మీద కూర్చున్నాడు. ముందు ఒక స్టీలు పళ్ళెం, అందులో ఇంజన్. ఇంజనంటే చక్రాలు వేరు, పళ్ళచక్రాలు వేరు, తెగిన తీగ వేరు, మెంతిగింజల్లాంటి స్క్రూలు వేరు.

ఆయన తలెత్తకుండానే అన్నాడు: “నువ్వే గెల్సినవ్ బావా. లైన్ల దోషం లేదు. చూక్ దీంట్లనే ఉన్నదని ఇప్పిన. మల్ల బిగిద్దమంటే బిగుస్తలేదు.”

ఒక డ్రైవరు తప్పు ఇంజన్‌దని ఒప్పుకోవడం. ఏళ్ళ తరబడి మావారు వినాలనుకున్న మాట, అడక్కుండానే పళ్ళెంలో పెట్టి ఇచ్చాడు. నోరు మూసుకుంటే చాలు, ఈయనకు గెలుపూ దక్కుతుంది, స్నేహమూ మిగులుతుంది. మంచి ఇంజన్ను ఊరికే పాడుచేసుకున్నానని తెలిస్తే అన్న మళ్ళీ మా గడప తొక్కుతాడా? భయమేసి మావారి చొక్కా వెనక నుంచి లాగాను. నాకైతే ఆ రోజు నిజం అక్కర్లేదు.

ఆయన నా చెయ్యి విడిపించుకున్నారు. “ఇంజన్ మంచిగనే ఉండె బావా. నేనే వంపుకు గ్రీజు పూసిన. దానికి కరెంట్ అందలే.”

అన్న పళ్ళెంలోంచి ఒక చక్రం తీసి దాని అంచు తడిమి చూశాడు. టీ పెడతానని లేచిన వదిన మళ్ళీ కూర్చుంది.

“రెండు పట్టాలకు పూసినవా?” అని అడిగాడు.

“బయటి పట్టాకే. లోపలి అంచుకు.”

“మందంగనా?”

“పల్చగ. ఎట్ల పుయ్యాల్నో అట్లనే.”

అన్న తల ఊపాడు. “ఐతే పని మంచిగనే చేసినవ్” అన్నాడు.

మావారి పట్టాల మీద నుంచి క్షేమంగా పోయిన బండ్లకు లెక్కలేదు. వాటి డ్రైవర్లలో ఒక్కరూ ఆయనతో ఆ మాట అనలేదు. ఆగిపోయిన బండి డ్రైవరు అన్నాడు.