తాత తెరవని పుస్తకాలు

బాగుచేయమని ఇచ్చి, తిరిగి తెచ్చుకోవడం మరిచిపోయిన పుస్తకం మీ ఇంట్లోవాళ్లది ఏదైనా ఉందా? గుండెమీద చెయ్యివేసుకుని చెప్పండి. ఫిల్మ్‌నగర్‌లో పాత పుస్తకాలు అమ్ముతూ, చినిగినవాటికి అట్టలు కట్టిన తాత మొన్న పోయాడు. మీ పుస్తకం ఇంకా ఆయన అరలోనే ఉంది.

ఆ వార్త వచ్చినప్పుడు నేను మోతీనగర్ గుళ్లో పురాణం చెబుతున్నాను. అలవాటుగా గ్రంథం కోసం చెయ్యి చాపితే పీట ఖాళీ. చంకలో లేనిదే గడప దాటని నా గ్రంథం, కుట్లు తెగి, తాత దగ్గరే ఉంది.

మైదా జిగురు వాసన, పాత సినిమాపాటల పుస్తకాల దుమ్ము, సూదీ దారం, రెండు బిగింపు చెక్కలు. ఆ కొట్టు అంతే. నేను అక్కడ కూర్చుని కూడా ధర్మం గురించి కేకలు పెట్టేవాణ్ణి.

"పుస్తకానికైతే అట్టేస్త. నీ గొంతుకు యాడ ఎయ్యాలె బిడ్డా? చాయ్ తాగు. దేవుడు యాడికి పోడు," అనేవాడు.

కట్టిన పుస్తకాన్ని మాత్రం తాత తెరిచేవాడు కాదు. "జర తెరిచి చూపియ్యరాదు తాతా?" అని ఎవరైనా అడిగితే తల అడ్డంగా ఊపేవాడు.

"కట్టినంక మొదాలు తెరిచేది ఇంటోళ్లే. తెరిచే చెయ్యి వాళ్లది. నాది గాదు."

ఒకసారి ఒక సహాయ దర్శకుడు, చనిపోయిన తండ్రి చేత్తో రాసుకున్న కథల కట్ట తెచ్చాడు. "రేపొచ్చి పట్టుకెళ్తానండీ తాతగారూ, షూటింగ్ ఉందండీ," అని పరుగెత్తాడు. మళ్లీ రాలేదు. అలాంటివి అర నిండా ఉన్నాయి. సాయంత్రం షట్టర్ దించేముందు తాత వాటి వైపు తిరిగి, "ఇయ్యాల రాలే. రేపొస్తరు, పండుండ్రి," అనేవాడు.

నిన్న కొట్టుకు వెళ్లేసరికి తాత భార్య, అవ్వ, ఒక్కతే కూర్చుని ఉంది. బిగింపు చెక్కల మధ్య ఒక పుస్తకం.

"నీదే. బిగించి, గట్లనే గోడకు ఒరిగిండు. తీస్కో."

నా చేతులతోనే చెక్కల బిగింపు మర తిప్పాను. తెరిస్తే పుస్తకం వీపు కిర్రుమంది. అట్ట లోపలివైపు జిగురులో ఆయన బొటనవేలి ముద్ర, ఇంకా పూర్తిగా ఆరనట్టే ఉంది. అప్పుడే నా వెనక అరలో మరో కిర్రు. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

అవ్వ తల ఎత్తలేదు. "రోజూ మాట్లాడెటోడు గదా. ఇంటున్నయ్. ఎవరియో నాకెర్కనా? మా ఇల్లే ఒక్క అర్ర, ఇయన్ని యాడ వెట్టుకోను?"

ఈ ఆదివారంతో కొట్టు ఖాళీ. మిగిలినవన్నీ తూకానికి పోతాయి. మీ నాన్న చెయ్యి ఆనిన పుట, మీ చెయ్యి తెరవకముందే పొట్లం కాగితం అవుతుంది.

మొసలికి చిక్కిన ఏనుగు పిలిస్తే దేవుడు ఉన్నపళంగా పరుగెత్తాడు. రేపొస్తానన్నాడా? ఈ సాయంత్రం షట్టర్ దించేముందు, ఆ అరకు 'పండుండ్రి' అని చెప్పే నోరు లేదు. లేవండి. చెప్పులు తొడుక్కోండి. ఇవాళే రండి.