తరులత పాపిట

మా ఆయన ఫటిక్ కర్మకార్ ఒక్కచోట నిలిచే మనిషి కాదు. అన్నం ముందు కూర్చున్నా కాలుగాలిన పిల్లే. రెండు ముద్దలు తిని స్టూడియోలోకి పరుగు, మళ్లీ వచ్చి ఇంకో ముద్ద. ఒకప్పుడు శాంతిపూర్‌లో పెళ్లి ఫొటోలన్నీ ఆయనే తీసేవాడు. రంగు ఫిల్ములు వచ్చాక పెళ్లిళ్లు కుర్రాళ్లకు పోయాయి, ఈయనకు చావులు మిగిలాయి. రంగు ఫొటో పెద్దది చేయించాలంటే కలకత్తా పంపి వారం ఆగాలి. శ్రాద్ధం ఆగదు కదా. అందుకని జనం రంగు నెగటివ్ పట్టుకొని మా గుమ్మం తొక్కుతారు. ఈయన చీకటి గదిలో దాన్ని నలుపు తెలుపు కాగితం మీదికి దించి ఇస్తాడు.

ఆ రోజు నేతపని చేసే నిరాపద బసాక్ వచ్చాడు. భార్య తరులత పోయింది, మర్నాడే శ్రాద్ధం. మేనకోడలి పెళ్లిలో తీసిన నెగటివ్ తెచ్చాడు. ఆమెకున్న మంచి బొమ్మ అదొక్కటే.

"ఫటిక్‌దా, అన్నా, సిందూరం బాగా కనబడాలి. ముత్తయిదువగా పోవాలని ఎప్పుడూ అనేది. వచ్చినవాళ్లంతా చూడాలి."

"నువ్వు టీ తాగేలోపు తెస్తా చూడు" అన్నాడు మా ఆయన. ఈయన నోటికి తొందరెక్కువ.

లోపల మా ఇద్దరి ముందు మందునీళ్లలో ముఖం తేలింది. కళ్లు, నవ్వు, చెవిదుద్దులు చక్కగా వచ్చాయి. పాపిట మాత్రం లేదు. ఆ కాగితం ఎరుపును నలుపుగా చూపిస్తుంది. సిందూరం జుట్టులో కలిసిపోయింది.

"ఇన్నేళ్లుగా తెలిసిన సంగతే కదా, మాట ఇచ్చేముందు కాస్త ఆలోచిస్తే ఏం పోయేది?" అన్నాను.

"నువ్వు ఊరుకో. నా బుర్ర తినకు."

గోడకూ గోడకూ మధ్య తిరిగాడు. చివరికి పుల్లకు దూది చుట్టి, నలుపును చెరిపే మందులో ముంచి, పాపిట వెంట గీశాడు. గీత తెల్లగా తేలింది. నేను వద్దనేలోపే తడి ఫొటో పట్టుకొని బయటికి పరుగెత్తాడు.

నిరాపద దాన్ని చూసి టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఇది విధవ పాపిట, ఫటిక్‌దా. నన్ను చంపేశావా ఏంటి?"

"మళ్లీ తీస్తాను, ఇంకోలా తీస్తాను" అంటూ మా ఆయన లోపలికీ బయటికీ తిరిగాడు.

"ఎన్ని తీసినా ఆ కాగితం మీద ఎరుపు రాదు" అని, నా సిందూరం భరిణె తెచ్చాను. ముత్తయిదువకు ముత్తయిదువ పెట్టడం మాలో ఉన్నదే. తడి కాగితం మీద పొడి అంటుకుంటుంది. నేనే పెడదామని మూత తీశాను.

"ఇటివ్వు వదినా" అని నిరాపద చెయ్యి చాచాడు.

వేలు ముంచి పాపిట నిండా పెట్టాడు. కొంచెం పొడి ముక్కు మీద రాలింది. మా ఆయన దూదితో తుడవబోతే మణికట్టు పట్టుకున్నాడు.

"ఉండనీ. మా పెళ్లిలోనూ ఇలాగే ముక్కు మీద రాలింది. అలా రాలితే మొగుడు బాగా చూసుకుంటాడని ఆడవాళ్లంతా నవ్వారు." మా ఆయన మణికట్టు వదిలేశాడు. "చూసుకోలేదు ఫటిక్‌దా. జ్వరం తగ్గట్లేదు, ఆసుపత్రికి తీసుకెళ్లమంది. దుర్గాపూజకు అమ్మే చీరలు పూర్తికావాలని నేను మగ్గం దిగలేదు."

నాకు ఏడుపు ఆగలేదు. మా ఆయన దూది పక్కన పడేసి, ఫొటోను అలాగే ఆరబెట్టాడు.